వెలిసిపోయిన నల్ల ప్లాస్టిక్ క్లాడింగ్ మళ్లీ నల్లగా నిలబడాలంటే ఏం చేయాలి? 2013 ఎకోస్పోర్ట్, హన్మకొండ

ఎకోస్పోర్ట్_హన్మకొండ

అందరికీ నమస్తే. మాది 2013 ఫోర్డ్ ఎకోస్పోర్ట్, డీజిల్. ఏపీ 36 నంబర్ బండి, మొదటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. ఇంజిన్‌కు ఢోకా లేదు, పెయింట్ కూడా పాలిష్ పెడితే ఇప్పటికీ మెరుస్తుంది. బాధంతా నల్ల ప్లాస్టిక్‌తోనే. చక్రాల చుట్టూ ఉండే పట్టీలు, తలుపుల కింది భాగం, రెండు బంపర్ల అడుగు, వైపర్ల కింది జాలీ, అన్నీ బూడిద రంగుకు వచ్చేశాయి. ఇంటి ముందు రోడ్డు మీదే పార్కింగ్. మధ్యాహ్నం తర్వాత ఎండంతా బండి కుడివైపే పడుతుంది, ఆ వైపు మరీ తెల్లబారింది.

వాష్ సెంటర్‌లో కడిగిన ప్రతిసారీ ఏదో జిడ్డు లిక్విడ్ కొట్టి ఇస్తారు. అప్పటికప్పుడు కొత్త బండిలా నిగనిగలాడుతుంది. ఒక్క వాన పడితే చాలు, చారలు చారలుగా తెల్లగా తేలుతుంది. పైగా ఆ జిడ్డుకు దుమ్మంతా పట్టుకుంటుంది. కొత్త పార్టులు వేయిద్దామంటే, ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లోనే ఇండియాలో కార్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఇంజిన్ సామాన్లు దొరుకుతున్నాయి కానీ ఇలాంటి పట్టీల కోసం వెంటపడాలి. ఆర్‌సీ 2028 దాకా ఉంది, తర్వాత రెన్యువల్ చేయించుకొని కూడా నడుపుదామని ఉంది. కాబట్టి ఉన్న ప్లాస్టిక్‌నే కాపాడుకోవాలి. నాలుగు రోజుల మెరుపు వద్దు, నిలిచేది చెప్పండి.

రామగుండం_ఎండ

మా దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది అన్నా. ఇక్కడ బయట పెట్టిన బండికి నల్ల ప్లాస్టిక్ నల్లగా ఉంటే అది కొత్త బండి అనుకోవాలి. నా బొలెరోకు కొబ్బరినూనె రాస్తాను. చవక. రెండు వారాలు ఉంటుంది.

మానేరు_తీరం

కొబ్బరినూనె వద్దు తమ్ముడూ. జిడ్డు మీద దుమ్ము కూర్చొని పేస్టులా తయారవుతుంది, తర్వాత ఆ గరుకు గీతల్లోంచి తీయాలంటే బ్రష్‌తో పడీ పడీ రుద్దాలి. మా కరీంనగర్‌లో గ్రానైట్ దుమ్ము సంగతి తెలిసిందే కదా.

హన్మకొండ తమ్ముడికి ఒక మాట. ముందు అది ఎండకు పోయిన తెలుపేనా అని చూసుకో. నా పాత ఆల్టో నల్ల బంపర్ల మోడల్. అంచుల్లో అంతా తెల్లటి మరకలు ఉండేవి, అవి ఎండ వల్ల వచ్చినవి కావు. పెయింట్‌కు వ్యాక్స్ పాలిష్ పెట్టినప్పుడు పక్కనున్న ప్లాస్టిక్‌కు అంటుకొని గీతల్లో ఎండిపోయింది. పిల్లలు పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరు తీసుకొని రుద్దితే వ్యాక్స్ ఉండలు ఉండలుగా వచ్చేసింది. కింది అంచున ఉన్నదేమో బోరు నీళ్ల ఉప్పు. దానికి వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి తడి బట్టతో కాసేపు అద్ది, మంచినీళ్లతో కడిగాను. ఈ రెండూ పోయాక చూస్తే అసలు ప్లాస్టిక్‌కు పెద్దగా ఏమీ కాలేదు.

ఆటోనగర్_స్ప్రేగన్

వరంగల్ ఆటోనగర్‌లో పెయింటింగ్ పని చేస్తాను. ఒక్కటే చెప్తా. వాష్ సెంటర్లో కొట్టే ఆ మెరుపు లిక్విడ్ చాలా వరకు సిలికాన్ నూనె. అది రాసిన బండి పెయింటింగ్‌కు వస్తే మాకు తలనొప్పి. ఎంత తుడిచినా ఎక్కడో మిగిలిపోతుంది, రంగు కొట్టగానే అక్కడ చిన్న చిన్న గుంటలు పడతాయి, రంగు పక్కకు జరిగిపోతుంది. ఫిష్ ఐ అంటాం. మళ్లీ అంతా గీకి మొదటి నుంచి కొట్టాలి. స్ప్రే డబ్బాతో కొడితే అది పెయింట్ మీద, అద్దం మీద, బ్రేక్ డిస్క్ మీద కూడా పడుతుంది. రాయక తప్పదంటే స్పాంజికి రాసుకొని పూయండి, నేరుగా స్ప్రే కొట్టకండి.

నా సలహా మాత్రం పెయింటే. ప్లాస్టిక్ ప్రైమర్ వేసి మ్యాట్ బ్లాక్ కొడితే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు.

పాలిమర్_పాఠం

వరంగల్‌లో కెమిస్ట్రీ చెప్తాను, పాత కార్లంటే ఇష్టం. ఈ విషయం అడిగినందుకు సంతోషం. అసలు ఏం జరుగుతోందో తెలిస్తే ఏది ఎంత కాలం నిలుస్తుందో మీకే అర్థమవుతుంది.

క్లాడింగ్ విప్పి వెనక వైపు చూడండి. చాలా కార్లలో చిన్న అక్షరాలతో పీపీ ప్లస్ ఈపీడీఎం, దాని పక్కన టీ20 లేదా టీడీ20 అని అచ్చు ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్, బకెట్లూ కుర్చీలూ చేసేది అదే. ఈపీడీఎం అనేది దెబ్బ తగిలితే పగలకుండా కలిపే రబ్బరు. చివరి దాని అర్థం 20 శాతం టాల్క్, అంటే మనం ముఖానికి వేసుకునే పౌడర్‌లోని ఖనిజం. ఎండకు పట్టీ సాగిపోకుండా, ఆకారం చెడకుండా అది పట్టి ఉంచుతుంది. నలుపు కోసం వేసేది కార్బన్ బ్లాక్, అది కొద్ది శాతమే.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కార్బన్ బ్లాక్ ఎండకు వెలిసే రంగు కాదు. మీ బండిలో నలుపు ఎక్కడికీ పోలేదు. చెడింది పై పొర. పాలీప్రొపిలీన్ గొలుసులో ఒకటి విడిచి ఒక కార్బన్‌కు పక్కన ఒక కొమ్మ ఉంటుంది. ఆ కొమ్మ ఉన్న చోట హైడ్రోజన్ సులువుగా ఊడిపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి గొలుసును అక్కడే తెంపుతాయి. దీన్ని ఆపడానికి కంపెనీ వాళ్లు స్టెబిలైజర్లు కలుపుతారు కానీ అవి ఏళ్ల మీద ఖర్చయిపోతాయి. అప్పుడు పై పొర పెళుసెక్కి కంటికి కనిపించనంత సన్నగా పగుళ్లు పడతాయి, లోపలి టాల్క్ బయటికి తేలుతుంది. ఆ పగుళ్ల మీద పడ్డ వెలుతురు నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది, మన కంటికి తెల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక పని చేయండి. బాగా కడిగి ఆరిన ప్లాస్టిక్ మీద తడి బట్టతో ఒకసారి తుడవండి. వెంటనే నల్లబడి, ఆరగానే మళ్లీ తెల్లబడితే నేను చెప్పిందే జరుగుతోందని అర్థం. నీళ్లు పగుళ్లలో నిండి వెలుతురు చెదరకుండా చేశాయి. నూనె చేసేది కూడా ఇంతే. నీళ్లు నిమిషాల్లో ఆరతాయి, నూనె వారాల్లో పోతుంది, తేడా అంతే. నిలిచేది కావాలంటే ఆ పగుళ్లలో నిండి అక్కడే గట్టిపడే పదార్థం కావాలి. నూనె ఎన్నిసార్లు రాసినా గట్టిపడదు.

పొడిగా ఉన్నప్పుడు వేలితో రుద్ది కూడా చూడండి. వేలికి తెల్లటి పొడి అంటితే పై పొర ఊడిపోయే దశకు వచ్చిందన్నమాట. ఆ పొడి పూర్తిగా పోయేదాకా శుభ్రం చేయకుండా ఏది రాసినా అది పొడికి అంటుకుంటుంది కానీ ప్లాస్టిక్‌కు అంటుకోదు.

రామగుండం_ఎండ

సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి హీట్ గన్ సంగతి? వీడియోల్లో వేడి గాలి తగలగానే తెల్ల బంపర్ కళ్ల ముందే నల్లగా మారిపోతుంది. అది నిజమేనా?

పాలిమర్_పాఠం

నిజమే. వేడికి పై పొర కొద్దిగా కరిగి పగుళ్లు పూడుకుంటాయి, అందుకే నల్లబడుతుంది. కానీ చెడిన పొర చెడినట్టే ఉంది, ఖర్చయిపోయిన స్టెబిలైజర్ తిరిగి రాదు. అదే ఎండలో పెడితే మళ్లీ తెల్లబడుతుంది. ఇంకో సంగతి, పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. హీట్ గన్ నుంచి వచ్చే గాలి 500 డిగ్రీలు కూడా దాటుతుంది. ఒక్క చోట క్షణం ఎక్కువ ఆగితే కంపెనీ అచ్చుపోసిన గరుకు నునుపైపోతుంది, అక్కడ మాత్రం మచ్చలా మెరుస్తుంది. ఆ గరుకును తిరిగి తేలేం.

ఆటోనగర్_స్ప్రేగన్

సార్ చెప్పింది కరెక్ట్. హీట్ గన్ పెట్టి బంపర్ అంచు అలలు అలలుగా చేసుకొని మా దగ్గరికి వచ్చిన బండ్లు ఉన్నాయి. పక్కనున్న పెయింట్ కూడా ఉబ్బుతుంది. చేయి తిరిగిన వాళ్ల పని అది, ఇంట్లో వద్దు.

కాజీపేట_జంక్షన్

ఆలస్యంగా చూశాను. నేను ఖాళీ ఉన్నప్పుడు సొంత బండ్లకూ దోస్తుల బండ్లకూ డీటెయిలింగ్, అంటే లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని, చేస్తుంటాను. పెయింటర్ అన్న పెయింట్ అంటున్నాడు, సార్ చెప్పినదాన్ని బట్టి కోటింగ్, అంటే పగుళ్లలో నిండి గట్టిపడే పూత, అనాలి. నా మాట ఏంటంటే, ప్లాస్టిక్ మీద గరుకు డిజైన్ ఇంకా స్పష్టంగా ఉంటే పెయింట్ జోలికి పోవద్దు. పాలీప్రొపిలీన్‌కు రంగు అంటడమే కష్టం. నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి కదా, రంగుదీ అదే కథ. రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే అడ్హీషన్ ప్రొమోటర్ సరైనది వేయకపోతే రాయి తగిలిన చోట రేకులు రేకులుగా లేచిపోతుంది. చక్రం పక్కన పట్టీలకు రోజూ రాళ్లు తగులుతూనే ఉంటాయి. మన ములుగు రోడ్డు మీద మేడారం జాతర రోజుల్లో తిరిగిన బండి ఏదైనా తీసి చూడండి, కింది భాగమంతా గాట్లే.

ఆటోనగర్_స్ప్రేగన్

అన్నా, లేచిపోయేది ప్రైమర్ లేకుండా కొట్టిన పని. ప్రొమోటర్ వేసి, దాని మీద సాగే గుణమున్న పెయింట్ కొడితే లేవదు. సగం మంది ఖర్చు తగ్గించమంటారు, ప్రైమర్ ఎగ్గొట్టేది అక్కడే. లోతుగా గీతలు పడిన బంపర్‌కు కోటింగ్ ఏం చేస్తుంది? గీత నల్లగా కనిపిస్తుంది, అంతే. దానికి పెయింటే దారి.

కాజీపేట_జంక్షన్

గీతలు పడినదానికి మీ మాటే ఒప్పుకుంటాను. ఎకోస్పోర్ట్ అన్నది మాత్రం ఎండకు తెల్లబారిన కేసు. ఒకసారి రంగు కొట్టాక వెనక్కి పోలేం, ఎప్పుడు లేచినా మళ్లీ రంగే కొట్టాలి. అందుకే అది చివరికి ఉంచుకుందాం అంటున్నాను.

ఎకోస్పోర్ట్_హన్మకొండ

అందరికీ థ్యాంక్స్. సార్ చెప్పిన తడి బట్ట పరీక్ష చేశాను. ఎడమవైపు పట్టీలు తడవగానే నల్లగా అయ్యాయి, వేలికి పొడి రాలేదు. కుడివైపు వెనక చక్రం పట్టీకి మాత్రం వేలు తెల్లగా అయింది. మానేరు అక్క చెప్పినట్టు తలుపు కింద కొన్నిచోట్ల పాలిష్ మరకలే, రబ్బరుతో రుద్దితే పోయాయి. గరుకు డిజైన్ అంతటా బాగానే ఉంది. కాబట్టి కోటింగ్‌కే పోదామనుకుంటున్నా. కాజీపేట అన్నా, ఎలా చేయాలో మొదటి నుంచి చెప్తావా? ఏ కంపెనీది కొనాలి?

గోదావరిఖని_గ్యారేజ్

మధ్యలో ఒక మాట. మా దగ్గర అవిసె నూనె రాసేవాళ్లున్నారు. అది గాలికి ఆరి గట్టిపడుతుంది కదా, కొబ్బరినూనె కంటే ఎక్కువ కాలం ఉంటుంది. అది ఓకేనా?

పాలిమర్_పాఠం

మంచి ప్రశ్న. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నిజంగానే పొరలా గట్టిపడుతుంది, అందుకే ఎక్కువ నిలుస్తుంది. కానీ పసుపు పచ్చగా మారుతుంది, మందంగా రాస్తే జిగటగా ఉండిపోతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. వడ్రంగి షాపుల్లో ఇలా మంటలు లేచిన సందర్భాలు ఉన్నాయి. గుడ్డను విప్పి బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో తడిపి మూత ఉన్న డబ్బాలో వేయండి. నా సలహా, కారుకు అవిసె నూనె అసలు వద్దు.

వాడేసిన ఇంజిన్ ఆయిల్, డీజిల్, కిరోసిన్ కూడా వద్దు. తలుపు బీడింగ్, ప్లాస్టిక్‌లోని రబ్బరు ఈపీడీఎం. పెట్రోలియం నూనె తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి కూడా ప్రమాదం.

మానేరు_తీరం

డీజిల్ వాష్ చేస్తామని అడిగే వాష్ సెంటర్లు ఇంకా ఉన్నాయి సార్. బాడీ కింద కొట్టించుకునేవాళ్లు ఇది చదవాలి.

కాజీపేట_జంక్షన్

హన్మకొండ తమ్మీ, వివరంగా రాస్తున్నా. ఓపికగా చదువు. ఈ పనిలో ముప్పావు వంతు కడగడమే, కోటింగ్ పూయడం ఆఖరి అరగంట.

ముందు మామూలుగా షాంపూతో కారంతా కడుగు. తర్వాత ప్లాస్టిక్‌కు మాత్రం ఆల్ పర్పస్ క్లీనర్, ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, చిన్న బ్రష్‌తో గుండ్రంగా రుద్దు. ఇన్నేళ్లుగా కొట్టిన సిలికాన్ అంతా అందులోనే ఉంటుంది. మొదటిసారి నురుగు గోధుమ రంగులో వస్తుంది. కడిగి మళ్లీ రుద్దు. నురుగు తెల్లగా వచ్చేదాకా ఆపకు. నీళ్లు చల్లినప్పుడు ముత్యాల్లా నిలబడకుండా పలచగా పరుచుకుంటే జిడ్డు పోయిందని గుర్తు. క్లీనర్‌ను ప్లాస్టిక్ మీద ఎండనివ్వకు, దాని మరకలు ఇంకో తలనొప్పి.

పొడి రాలుతున్న కుడి పట్టీకి మెలమైన్ స్పాంజి, అదే ఇంట్లో గోడల మరకలు తుడిచే తెల్ల స్పాంజి, తడిపి తేలికగా వాడు. అది సన్న ఎమెరీ లాంటిదే, గట్టిగా నొక్కితే గరుకు అరిగిపోతుంది. పెయింట్‌కు అస్సలు తగలనీయకు.

కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి. గరుకు గీతల్లో, పట్టీ కీళ్లలో నీళ్లు దాక్కుంటాయి. ఎండకాలమైతే రెండు మూడు గంటలు చాలు, వానాకాలమైతే రాత్రంతా షెడ్డులో ఉంచాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి శుభ్రమైన మైక్రోఫైబర్ బట్టతో ఒకసారి తుడువు. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ ఇస్తే లేబుల్ చదువు. కొన్ని రకాల్లో ఆముదం కలుపుతారు, అది మళ్లీ జిడ్డే. పెట్రోలు, థిన్నర్ వాడకు. అద్దాల మూతలు, మరికొన్ని భాగాలు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తారు, దాన్ని థిన్నర్ తినేస్తుంది.

పెయింట్ అంచు వెంట మాస్కింగ్ టేప్ వేయి. చేతులకు గ్లౌజులు. ఇప్పుడు కోటింగ్. స్పాంజి ముక్క మీద కొన్ని చుక్కలు వేసుకొని ఒక అడుగు మేర పూయి, పక్కన వదిలి ఇంకో అడుగుకు పోవద్దు. దాన్ని అడ్డంగా, నిలువుగా రెండు వైపులా పూసి, డబ్బా మీద రాసిన టైమ్ చూసి మిగిలినది వెంటనే తుడిచెయ్యి. మన వేడికి టైమ్ ఇంకా తగ్గుతుంది. ఆలస్యమైతే చారలు గట్టిపడిపోతాయి, వాటిని తీయాలంటే గీకడమే. మొదట కనిపించని చోట, బంపర్ అడుగున జానెడు పూసి, మర్నాడు చూసుకొని మిగతాది చేయి.

టైమ్ కూడా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడైనా ప్లాస్టిక్ వేడిగానే ఉంటుంది. చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. తెల్లవారుజామున నీడలో చేయడం మేలు. పూశాక కనీసం 24 గంటలు నీళ్లు తగలకూడదు, షాంపూ వాష్ వారం దాకా వద్దు. ఆకాశం చూసి పెట్టుకో.

ఇక కంపెనీ సంగతి. మదర్స్ బ్యాక్ టు బ్లాక్, మెగ్వయర్స్ అల్టిమేట్ బ్లాక్ లాంటివి డ్రెస్సింగులు, అంటే గట్టిపడని పూతలు. వాష్ సెంటర్ లిక్విడ్ కంటే చాలా మెరుగు కానీ అప్పుడప్పుడు మళ్లీ రాయాలి. గట్టిపడేవి కావాలంటే సెరాకోట్ ట్రిమ్ వైప్స్, గయాన్ ట్రిమ్, కార్‌ప్రో డీలక్స్ ఆ కోవలోవి. ఆన్‌లైన్లో కొనేటప్పుడు సీలు ఉందో లేదో చూసి తీసుకో. సొల్యూషన్ ఫినిష్ అని ఇంకోటి ఉంది, అందులో నల్ల రంగు కూడా ఉంటుంది, బాగా తెల్లబారినదానికి మంచిది. బట్టలకూ చేతులకూ అంటితే ఓ పట్టాన పోదు.

జనగామ_రోడ్డు

ఇంత రాసినందుకు దండం అన్నా. సేవ్ చేసుకున్నా.

ఇదే సందర్భంలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక మాట. కార్ కన్సల్టెన్సీల్లో అమ్మకానికి పెట్టిన పాత బండ్లకు నల్ల ప్లాస్టిక్ తళతళలాడుతుంటుంది. వేలితో తుడిచి చూడండి, జిడ్డు అంటితే నిన్నో మొన్నో రాసిందే. కడిగించి ఆరాక ఇంకోసారి చూస్తామనండి. బండి ఏళ్ల తరబడి ఎండలో ఉందా, షెడ్డులో ఉందా అన్నది ప్లాస్టిక్ చెప్పినంత మీటర్ రీడింగ్ చెప్పదు.

పాలిమర్_పాఠం

జనగామ సోదరుడి మాట చాలా విలువైనది. ఒకవైపు బాగా తెల్లబడి రెండోవైపు నల్లగా ఉంటే అది ఎప్పుడూ ఒకే చోట, ఒకే దిక్కుకు నిలబెట్టిన బండి. ఒక్క పట్టీ మాత్రమే కొత్తగా నల్లగా ఉంటే ఆ వైపు ఎప్పుడో దెబ్బ తగిలి మార్చి ఉండవచ్చు. ఆ చుట్టూ పెయింట్ కూడా చూసుకోండి.

గోదావరిఖని_గ్యారేజ్

వైపర్ల కింది జాలీకి కూడా ఇదే కోటింగ్ పూయవచ్చా? మా బండికి అదే అన్నిటికంటే ఘోరంగా ఉంది. ఆకాశం వైపు చూస్తూ పడుకొని ఉంటుంది కాబట్టేమో.

కాజీపేట_జంక్షన్

పూయవచ్చు. వైపర్ చేతులు విప్పి చేయాలి. విప్పే ముందు అవి అద్దం మీద ఎక్కడ ఆగుతాయో టేప్‌తో గుర్తు పెట్టుకో. ఆ జాలీ పాతబడితే చాలా పెళుసుగా ఉంటుంది, క్లిప్పులు లాగితే విరుగుతాయి. అందుకే దాన్ని మాత్రం బండి మీదే ఉంచి చేయడం మేలు. కోటింగ్ గానీ డ్రెస్సింగ్ గానీ అద్దానికి తగిలితే వానలో వైపర్ తిప్పినప్పుడు మసక మసకగా కనిపిస్తుంది. అద్దం కింది అంచున వెడల్పాటి టేప్ వేసి, దాని మీద పేపర్ కప్పు. టైర్ మీద నేలకు తగిలే భాగానికి, పెడళ్లకు, స్టీరింగ్‌కు మాత్రం ఇలాంటివి ఏవీ ఎప్పుడూ రాయవద్దు. జారుతుంది.

ఎకోస్పోర్ట్_హన్మకొండ

అప్‌డేట్. పని అయింది, ఒక వానాకాలం కూడా గడిచింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

కాజీపేట అన్న చెప్పినట్టే కడగడానికే ఎక్కువ టైమ్ పట్టింది. కుడివైపు వెనక పట్టీ నుంచి వచ్చిన నురుగు మొదట టీ డికాషన్ రంగులో ఉంది. చివరకు తెల్లబడ్డాక నీళ్లు చల్లితే పరుచుకున్నాయి. అప్పుడు పట్టీ ఇంతకుముందు కంటే ఇంకా తెల్లగా కనిపించి మా ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు. జిడ్డు లేకుండా దాని అసలు రంగు చూడటం అదే మొదటిసారి.

కోటింగ్ పూశాక ఎడమవైపు అచ్చం షోరూమ్ నుంచి తెచ్చినప్పటి నలుపు వచ్చింది. మెరుపు కాదు, ఆ మ్యాట్ నలుపే. కుడివైపు ఒక్క కోటుతో అక్కడక్కడ మచ్చలుగా కనిపించింది, పీల్చుకున్న చోట ఎక్కువ పీల్చుకుంది. రెండో కోటు వేస్తే సమానమైంది. వానలకు చారలు రాలేదు. వాష్ సెంటర్‌లో ముందే చెప్తున్నా, ప్లాస్టిక్‌కు ఏమీ కొట్టవద్దని. గంటలో మూడు సార్లు గుర్తు చేయాలి, వాళ్ల చేయి అలవాటుగా ఆ సీసా మీదికే పోతుంది. వెనక బంపర్ మీద, డిక్కీ దగ్గర, సామాన్లు దించేటప్పుడు పడిన లోతు గీతలు మాత్రం అలాగే కనిపిస్తున్నాయి. ఆ ఒక్కదాన్ని పెయింటర్ అన్న దగ్గరికే తేవాలి.

ఆటోనగర్_స్ప్రేగన్

తీసుకురా తమ్మీ. కానీ కోటింగ్ ఉన్న చోట రంగు అంటదు, ముందు దాన్ని పూర్తిగా గీకాలి. బంపర్ మొత్తం కాకుండా గీతలున్న కింది ముక్క ఒక్కటే విడిగా ఊడుతుందేమో చూస్తా. ఊడితే పని సులువు. ప్రైమర్ మాత్రం నేను ఎగ్గొట్టను.

ఎడమవైపు ఫొటో చూశా. బాగుంది. మ్యాట్ నలుపు అలా సమానంగా రావడం కష్టం.

రామగుండం_ఎండ

మా బొలెరోకు కూడా ఇదే చేద్దామనుకుంటున్నా. బండి రోజంతా ఎండలోనే ఉంటుంది, షెడ్డు లేదు. ఎన్నాళ్లు ఉంటుంది?

పాలిమర్_పాఠం

డబ్బాల మీద ఏళ్లు రాస్తారు. రోజంతా ఎండలో ఉండే బండికి అంతకంటే ముందే తగ్గుతుందని అనుకొని పెట్టుకోండి. నీళ్లు చల్లినప్పుడు ముత్యాల్లా నిలబడటం తగ్గితే కోటింగ్ అరుగుతోందని అర్థం. పూర్తిగా తెల్లబడేదాకా ఆగకుండా అప్పుడే కడిగి ఇంకో కోటు వేస్తే పని చాలా తేలిక. బండిని అప్పుడప్పుడు దిక్కు మార్చి నిలబెట్టండి, ఒకే వైపు కాలకుండా ఉంటుంది. కవర్ కప్పుతానంటే ముందు దుమ్ము కడిగి కప్పండి, లేకపోతే గాలికి కవర్ కదిలినప్పుడల్లా పెయింట్ గీసుకుంటుంది.

ఎకోస్పోర్ట్_హన్మకొండ

నా సీసాలో సగం పైగా మిగిలింది. ఒకసారి మూత తీశాక ఇవి గాలిలోని తేమకు సీసాలోనే గడ్డకడతాయని రాసి ఉంది, దాచుకొని లాభం లేదు. హన్మకొండ, కాజీపేట, వరంగల్ వైపు ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఇచ్చేస్తా.

జనగామ_రోడ్డు

నాకు కావాలి అన్నా. ఆదివారం పొద్దున్నే వస్తాను. శనివారమే ప్లాస్టిక్ అంతా క్లీనర్‌తో రుద్ది, ఆరబెట్టి తెస్తా. కాజీపేట అన్నా, నువ్వు ఖాళీగా ఉంటే మొదటి పట్టీ పూసేటప్పుడు పక్కన ఉంటావా?

కాజీపేట_జంక్షన్

ఉంటా. ఆరు దాటకముందే రా, ఎనిమిదికల్లా ఎండ ముదురుతుంది. మైక్రోఫైబర్ బట్టలు కొత్తవి నాలుగు తెచ్చుకో, కోటింగ్ తుడిచినవి గట్టిపడి మళ్లీ పనికిరావు.